మమ్మల్ని అడిగారా?

2019 ఆగస్టు 22 ఉదయం బంగ్లాదేశ్‌లోని టెక్నాఫ్ దగ్గర ఒక శరణార్థి శిబిరం బయట బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. మయన్మార్‌లో (పాత పేరు బర్మా) ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యాలను అక్కడికి తిరిగి పంపడానికి తెప్పించిన బస్సులవి. మూడున్నర వేలకు దగ్గరగా పేర్లున్న జాబితాకు మయన్మార్ ప్రభుత్వం సరేనంది. అధికారులు, డ్రైవర్లు, కెమెరాలవాళ్ళు అందరూ వచ్చేశారు. సాయంత్రం దాకా చూశారు. ఒక్కరంటే ఒక్కరు ఎక్కలేదు.

ఆ వార్త వచ్చిన మర్నాడు మా ఆఫీసు క్యాంటీన్‌లో ఒకాయన టీ తాగుతూ, "కూర్చోబెట్టి తిండి పెడుతుంటే ఎందుకు పోతారండీ?" అన్నాడు. చెడ్డవాడేం కాదు. సాటివాళ్ళ కష్టానికి పదో పరకో ఇచ్చే మనిషే. నాకు ఆ పూట జవాబు తోచలేదు. బస్సులు ఖాళీగా ఉండిపోయిన మూడు రోజులకే వాళ్ళే జవాబు చెప్పారు. ఆగస్టు 25న కుతుపాలోంగ్ క్యాంపులో దాదాపు రెండు లక్షల మంది ఒక మట్టి మైదానంలోకి, దాని చుట్టూ ఉన్న గుట్టల మీదికి చేరారు. ఊళ్ళు తగలబడి రెండేళ్ళయిన రోజది. వాళ్ళు అడిగింది ఇళ్ళకు వెళ్తామనే. పౌరసత్వం ఇవ్వండి, ప్రాణాలకు పూచీ ఇవ్వండి, మా ఊళ్ళకే పంపండి, రోహింగ్యా అన్న పేరుతోనే రానివ్వండి అన్నారు. అంతకుముందు బస్సుల ఏర్పాటు రెండు ప్రభుత్వాల మధ్య జరిగిపోయింది. పేర్లు వాళ్ళవి, ప్రాణాలు వాళ్ళవి, ఒప్పందంలో మాత్రం వాళ్ళు లేరు.

నేను చెప్పాలనుకున్నదంతా ఇదే. రోహింగ్యాల విషయంలో ప్రపంచం చేస్తున్న పెద్ద తప్పు తిండి తగ్గించడం కాదు, అది రెండోది. వాళ్ళ గురించిన మాటల్లో వాళ్ళను లేకుండా చేయడం మొదటిది. ఆ క్యాంపుల్లో చదువుకున్న కుర్రాళ్ళు, ఆడపిల్లలు తమ వాళ్ళ తరఫున మాట్లాడతామని ముందుకొస్తే, దాన్ని హక్కుగా కాకుండా గొడవగా చూస్తున్నారు. ఇది అన్యాయం మాత్రమే కాదు, ప్రమాదం కూడా.

ఆ సభ వెనక ఉన్న మనిషి మొహిబుల్లా. మయన్మార్‌లోని మాంగ్డా ప్రాంతంలో బడిపంతులు. క్యాంపులో ఆయన్ను మాస్టర్ అనే పిలిచేవారు. 2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్ సైన్యం దాడులకు ఏడు లక్షల మందికి పైగా నాఫ్ నది దాటి, కొండదారులు పట్టి కాక్స్ బజార్ జిల్లాకు వచ్చిపడ్డారు. అప్పుడు ఆయన మొదలుపెట్టిన పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కొంతమందిని కూడగట్టుకుని గుడిసె గుడిసెకూ వెళ్ళి, చనిపోయినవాళ్ళ వివరాలు రాసుకోవడం. పేరు, వయసు, ఊరు, ఎలా చనిపోయారు, ఎప్పుడు. టార్పాలిన్ కప్పు కింద, వానకు తడవకుండా జాగ్రత్తపడుతూ, పెన్నుతో రాసిన జాబితాలు.

ఆ పని విలువ తెలియాలంటే అవతలివైపు ఏం జరిగిందో తెలియాలి. 1982 పౌరసత్వ చట్టం తర్వాత మయన్మార్ గుర్తించిన 135 జాతుల పట్టికలో రోహింగ్యాలు లేరు. 2014 జనాభా లెక్కల్లో రోహింగ్యా అని చెప్పుకుంటే రాసుకోలేదు. 2015లో వాళ్ళ చేతుల్లో ఉన్న తాత్కాలిక తెల్ల కార్డులు రద్దు చేశారు, ఓటు హక్కు వాటితోపాటే పోయింది. బతికుండగా లెక్కలోకి రాని మనిషి చచ్చిపోతే ఎవరు లెక్క రాస్తారు? మాస్టర్ రాశారు. బడిలో హాజరుపట్టీ రాసిన చెయ్యి కదా.

2019 మార్చిలో ఆయన జెనీవా వెళ్ళి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో మాట్లాడారు. మమ్మల్ని దేశం లేనివాళ్ళని అనకండి, మాకు దేశం ఉంది, అది మయన్మార్ అన్నారు. జూలైలో అమెరికా అధ్యక్షుడి ఎదుట నిలబడి, మేము వీలైనంత త్వరగా ఇంటికి వెళ్ళాలనుకుంటున్నాం, మీ దగ్గర ఉన్న ఉపాయం ఏమిటి అని అడిగారు. ఆ మర్నెలే ఆ పెద్ద సభ.

సభ ప్రశాంతంగా జరిగింది. ప్రార్థనలు చేశారు, ఉపన్యాసాలిచ్చారు, ఇళ్ళకు పోయారు. కానీ సెప్టెంబరు నుంచి క్యాంపుల్లో మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయింది. దాదాపు ఏడాది పాటు. మధ్యలో కరోనా వచ్చినా తెరవలేదు. సిమ్ కార్డులు అమ్మకూడదన్నారు, దొరికినవి తీసుకుపోయారు. క్యాంపుల చుట్టూ ముళ్ళకంచె వేయడం మొదలైంది. 2021 మార్చి 22న బాలుఖాలిలో మంటలు చెలరేగి వేల గుడిసెలు బూడిదైనప్పుడు, బయటికి పరిగెత్తేవాళ్ళకు ఆ కంచే అడ్డమైంది. కనీసం 15 మంది చనిపోయారు, 45,000 మందికి నీడ పోయింది.

అదే ఏడాది సెప్టెంబరు 29 రాత్రి మొహిబుల్లా తన ఆఫీసు దగ్గర ఉండగా ముష్కరులు వచ్చి కాల్చి చంపేశారు. ఆర్సా అనే రోహింగ్యా సాయుధ ముఠా చేసిన పని అని తర్వాత బంగ్లాదేశ్ పోలీసులు తేల్చారు. తనకు బెదిరింపులు వస్తున్నాయని ఆయన అంతకుముందు నుంచే చెబుతూ వచ్చారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగమంటాను. తుపాకీ పట్టుకోకుండా, పెన్ను పట్టుకుని, సభ పెట్టి, ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళి అడిగిన మనిషికి దక్కిన ఫలితం ఇది. పక్క గుడిసెలో ఉన్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడు దీన్ని చూసి ఏం నేర్చుకోవాలి?

క్యాంపుల్లో మాఝీలని ఉంటారు. బెంగాలీలో ఆ మాటకు పడవ నడిపేవాడని అర్థం. 2017లో జనం వరదలా వచ్చినప్పుడు, బియ్యం పంచాలన్నా టార్పాలిన్లు ఇవ్వాలన్నా ఎవరో ఒకరు కావాలి గనక, బంగ్లాదేశ్ సైన్యం బ్లాకుకొక మగమనిషిని ఎంచి మాఝీ అంది. అత్యవసరంలో అది తప్పు కాదు. తుపాను పునరావాస కేంద్రంలోనైనా ముందు కనిపించినవాడికే జాబితా ఇస్తాం. కానీ ఆ ఏర్పాటే ఏళ్ళ తరబడి పాలనగా నిలిచిపోయింది. మాఝీని జనం ఎన్నుకోలేదు, కాబట్టి జనానికి జవాబు చెప్పక్కర్లేదు. అతను జవాబు చెప్పాల్సింది పై అధికారికి. రాత్రయితే తుపాకులు పట్టుకుని వచ్చేవాళ్ళకి. మధ్యలో నలిగి చచ్చిపోయిన మాఝీలూ ఉన్నారు, అదీ చెప్పాలి. కొన్ని క్యాంపుల్లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ సాయంతో కమిటీలకు ఎన్నికలు పెట్టి చూశారు, వాటిలో ఆడవాళ్ళూ నిలబడి గెలిచారు. పని చేయదని ఎవరూ నిరూపించలేదు. అందరికీ వర్తించేలా చేయలేదు, అంతే.

ఖాళీ జాగా ఖాళీగా ఉండదు. ఎన్నుకున్న నాయకుడు లేని చోట తుపాకీ ఉన్నవాడే నాయకుడవుతాడు. 2024లో మయన్మార్ సైన్యం రోహింగ్యా యువకులను బలవంతంగా తనలో చేర్చుకోవడం మొదలుపెట్టింది. ఊళ్ళు తగలబెట్టిన సైన్యమే, పౌరులు కాదని వెళ్ళగొట్టిన సైన్యమే, అరకాన్ (ఇప్పటి రఖైన్) ప్రాంతపు తిరుగుబాటు దళం అరకాన్ ఆర్మీతో యుద్ధంలో ఓడిపోతున్నప్పుడు వాళ్ళ పిల్లల్ని ముందు వరసలో నిలబెట్టింది. బంగ్లాదేశ్ క్యాంపుల్లో కూడా ముఠాలు కుర్రాళ్ళను ఎత్తుకుపోయి ఆ యుద్ధానికి పంపాయి. తల్లులు పిల్లల్ని రాత్రుళ్ళు ఒకే గుడిసెలో పడుకోనివ్వలేదు, ఇల్లు మార్చి ఇల్లు దాచారు. యువతను మాట్లాడనిస్తే భద్రతకు ముప్పు అనేవాళ్ళు ఈ సంగతికి ఏమంటారో నాకు తెలియదు. మాట్లాడనివ్వకపోతే వచ్చిన ముప్పు ఇది.

చదువు సంగతి చూడండి. క్యాంపుల్లో సగం మందికి పైగా 18 ఏళ్ళలోపు వాళ్ళే. బంగ్లాదేశ్ సిలబస్ చెప్పకూడదు, ఎందుకంటే వాళ్ళు ఇక్కడ స్థిరపడతారేమోనని భయం. చాలా ఏళ్ళు ఉన్నవి చిన్నపిల్లల కేంద్రాలే. అందుకని చదువుకున్న కుర్రాళ్ళే గుడిసెల్లో బళ్ళు పెట్టుకున్నారు. ఒక తెల్ల బోర్డు, నేల మీద పట్టా, సరిహద్దు దాటుతూ సంచిలో తెచ్చుకున్న బర్మా పాఠ్యపుస్తకానికి జిరాక్సు కాపీలు. 2020 జనవరిలో మయన్మార్ సిలబస్‌తో చదువు చెప్పడానికి ప్రభుత్వం ఒప్పుకుంది, 2021 చివర్లో 10,000 మందితో మొదలైంది, మంచిదే. కానీ అదే డిసెంబరులో వాళ్ళు సొంతంగా నడిపే బళ్ళన్నీ మూసేయమన్నారు. మొహిబుల్లా స్థాపించిన బడి కూడా మూతపడ్డ వాటిలో ఉంది. ఇక 2025లో విదేశీ నిధులు తగ్గాయి. వేల అభ్యాస కేంద్రాలు మూతపడ్డాయి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే వెయ్యిమందికి పైగా బంగ్లాదేశీ టీచర్ల ఉద్యోగాలు పోయాయి. ఇచ్చే చేతికి నొప్పి పుడితే ఆగిపోయే బడి అది. తామే నడుపుకునే బడిని ముందే మూసేశారు గనక, పిల్లలకు అప్పుడు మిగిలింది రోడ్డు.

సాయానికీ హక్కుకీ తేడా ఏమిటో నాకు ఒక్క ఉదంతంలో బాగా అర్థమైంది.

2017 మారణకాండకు ముందు, జరుగుతున్నప్పుడు ఫేస్‌బుక్‌లో రోహింగ్యాల మీద విషం కక్కారు. పురుగులన్నారు, కుక్కలన్నారు, చంపమన్నారు. మయన్మార్‌లో చాలామందికి ఇంటర్నెట్ అంటేనే ఫేస్‌బుక్. ఆ విద్వేషానికి సోషల్ మీడియా గట్టిగా తోడ్పడిందని ఐక్యరాజ్యసమితి విచారణ బృందం చెప్పింది. హింసను ఆపడానికి తాము చేయాల్సినంత చేయలేదని 2018లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. కాక్స్ బజార్‌లోని రోహింగ్యా యువజన సంఘాలు అప్పుడు ఒక లెక్క వేసుకున్నాయి. మా చదువులు పోయాయి, ఆ నష్టంలో మీ వాటా ఉంది, క్యాంపుల్లో చదువు కోసం పది లక్షల డాలర్లు ఇవ్వండి అని కంపెనీని అడిగాయి. అంత పెద్ద కంపెనీకి అది చిల్లర. తాము నేరుగా దానధర్మాలు చేయబోమని సమాధానం వచ్చింది.

పిల్లలు అడిగింది పరిహారం. అవతలివాళ్ళకు వినిపించింది బిచ్చం. క్యాంపు జీవితంలో ఏ విషయం ఎత్తుకున్నా ఇదే వరస. 2018 నవంబరులో, తమకిచ్చే గుర్తింపు కార్డు మీద రోహింగ్యా అన్న పేరు లేదని వాళ్ళు సమ్మె చేశారు. తిండికి లేనివాళ్ళు కార్డు మీద పేరు కోసం సమ్మె చేయడమేమిటని ఆశ్చర్యపోయినవాళ్ళున్నారు. పేరు తీసేయడంతోనే కదా వాళ్ళ ఇల్లు కాలడం మొదలైంది! పైగా ఆ రోజుల్లో తీసుకున్న వివరాల్లో 8,30,000 మందివి మయన్మార్ చేతికే వెళ్ళాయని, చాలామందికి అది సరిగా చెప్పనే లేదని 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. చంపబోయినవాడికి చిరునామా ఇచ్చినట్టు. ఆ సమ్మె చేసినవాళ్ళ అనుమానం ఉత్త అనుమానం కాదు.

ఇంత జరిగినా ఆ పిల్లలు ఊరుకోలేదు. ఆ మాటే నన్ను మళ్ళీ మళ్ళీ వాళ్ళ దగ్గరికి తీసుకుపోతుంది. ఫేస్‌బుక్‌ను నిలదీసినవాళ్ళలో ఉన్న మాంగ్ సయ్యద్దొల్లా క్యాంపులోనే విద్యార్థుల సంఘం పెట్టాడు. తర్వాత న్యూయార్క్‌లో చదువుకోవడానికి వెళ్ళాడు. 2025 సెప్టెంబరు 30న ఐక్యరాజ్యసమితిలో రోహింగ్యాల మీద జరిగిన ఉన్నతస్థాయి సమావేశంలో లేచి మాట్లాడాడు. అదే సమావేశంలో మాట్లాడిన వై వై ను పద్దెనిమిదేళ్ళ వయసులో 2005లో తల్లిదండ్రులు, తోబుట్టువులతో సహా జైలుకు వెళ్ళింది. తండ్రి 1990 ఎన్నికల్లో గెలిచిన ఎంపీ, అదే నేరం. ఏడేళ్ళు లోపల ఉంది. బయటికొచ్చి లా చదివింది.

వేదికలెక్కినవాళ్ళ కంటే నాకు ఎక్కువ ఇష్టమైనవాళ్ళు కెమెరా పట్టుకున్న కుర్రాళ్ళు. సహత్ జియా హీరో అనే యువకుడు 2022లో రోహింగ్యాటోగ్రాఫర్ అనే ఫొటో పత్రిక మొదలుపెట్టాడు. ఫొటోలు తీసేది క్యాంపువాళ్ళే. మరుసటి ఏడాది అతనికీ, అబ్దుల్లా హబీబ్, సలీం ఖాన్, షాహిదా విన్‌లకూ కలిపి ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఆసియా పసిఫిక్ ప్రాంతపు నాన్సెన్ పురస్కారం ఇచ్చింది. షాహిదా కవిత్వం కూడా రాస్తుంది. బయటి ఫొటోగ్రాఫర్ వచ్చి తీస్తే ఏడుస్తున్న తల్లి, చెయ్యి చాచిన పిల్లాడు. వీళ్ళు తీస్తే ముసలాయన నులక పేనుతూ ఉంటాడు, పిల్ల చేతికి గోరింటాకు ఉంటుంది, అరవయ్యేళ్ళ ముసలమ్మ పాత బర్మా గుర్తింపు కార్డును ప్లాస్టిక్ కవరులోంచి తీసి గుండెకు ఆనించుకుని చూపిస్తుంది. ఫొటో అడగదు, చెబుతుంది.

ఆడపిల్లల దారి ఇంకా కష్టం. పెద్దమనిషి అయితే చాలు, చాలా ఇళ్ళలో గడప దాటనివ్వరు. అది బయటివాళ్ళు పెట్టిన నిషేధం కాదు, ఇంటివాళ్ళదే. బయట పనిచేసే ఆడవాళ్ళను ముఠాలు బెదిరిస్తాయి. ఇది దాచి రాస్తే వాళ్ళకు ద్రోహం చేసినట్టే. అయినా శాంతి మొహిలా పేరుతో కొన్ని వందల మంది ఆడవాళ్ళు కూడారు. సైనికుల చేతుల్లో తమకు జరిగింది అంతర్జాతీయ కోర్టులకు చెప్పారు. చదువు రానివాళ్ళు బట్ట మీద సూదితో కుట్టి చెప్పారు. 2023లో వాళ్ళకు రౌల్ వాలెన్‌బర్గ్ పేరిట బహుమతి వచ్చింది. 2019లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో అప్పటి మయన్మార్ నాయకురాలు ఆంగ్ సాన్ సూకీ రోహింగ్యాలను ఒక ప్రజగా పేరు పెట్టి పిలవకుండానే తన సైన్యాన్ని వెనకేసుకొచ్చింది. చదువురాని తల్లులు మాత్రం పేర్లతో సహా చెప్పారు.

బంగ్లాదేశ్‌ను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆ దేశం తలుపు తీయకపోతే లక్షల మంది నాఫ్ నదిలోనే పోయేవాళ్ళు. ఉఖియా, టెక్నాఫ్ అనే రెండు ఉపజిల్లాల మీద ఇవాళ పది లక్షలకు పైగా శరణార్థులున్నారు. స్థానికుల కంటే వాళ్ళే ఎక్కువ. కూలి రేట్లు పడిపోయాయి, అడవి వంటచెరుకుకు పోయింది, ఏనుగుల దారులు మూసుకుపోయాయి. 2024 నుంచి మరో లక్షన్నర మంది వచ్చారు. డబ్బున్న దేశాలు చప్పట్లు కొట్టి చెక్కులు తగ్గించాయి. 2023లో మనిషికి నెలకు తిండి కోసం ఇచ్చేది 12 డాలర్ల నుంచి 8కి పడిపోయింది. తర్వాత పెంచారనుకోండి, కానీ ఆ కత్తి ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. అదే ఏడాది మలేషియా, ఇండోనేషియా వైపు పడవలెక్కినవాళ్ళలో 569 మంది సముద్రంలో చనిపోయారో, గల్లంతయ్యారో. ఇంత బరువు ఒక్క దేశం మీద వదిలేసి నీతులు చెప్పడం నాకూ సిగ్గుగానే ఉంటుంది.

కానీ నేను అడుగుతున్నవాటికి డాలర్లు అక్కర్లేదు. సంఘం పెట్టుకోనివ్వడానికి ఎంత ఖర్చవుతుంది? బ్లాకులో పెద్దను ఎన్నుకోనిస్తే ఎవరి ఖజానా ఖాళీ అవుతుంది? గుడిసెలో పాఠం చెప్పే కుర్రాణ్ణి ఆపకుండా ఉండడానికి నిధులు కావాలా? తిరిగి వెళ్ళే ఒప్పందం రాసేటప్పుడు బల్ల దగ్గర రెండు కుర్చీలు ఎక్కువ వేయడానికి ఏ దేశం సాయం కావాలి? నోరు తెరిచినవాళ్ళకు రక్షణ ఇవ్వడానికి మాత్రం ఖర్చవుతుంది. మొహిబుల్లా చావు తర్వాత ఆ ఖర్చు తప్పించుకునే హక్కు ఎవరికీ లేదు.

ఇదంతా నాకెందుకంటే, మా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది.

ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళు రంగూన్‌ను రంగం అనేవారు. "రంగం పోయాడు" అంటే ఊళ్ళో అప్పు తీరక ఓడెక్కాడని అర్థం. మా తాత అలా పోయినవాడే, బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. కోరంగి రేవు నుంచి వెళ్ళినవాళ్ళు గనక అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారు. ఇంకో మాట కూడా ఉండేది, కలా. భారతీయుల్ని వేరుచేసి, చులకన చేసి పిలిచే మాట. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగి వంద మందికి పైగా చనిపోయారు. 1962లో సైన్యం గద్దెనెక్కాక దుకాణాలు జాతీయం చేశారు, పెద్ద నోట్లు రద్దు చేశారు. ఒంటి మీద బట్టలతో వచ్చినవాళ్ళలో మా నాన్నమ్మ ఒకత్తె. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు వినే ఉంటారు.

ఆ రేకు పెట్టెలో తాతది విదేశీయుల నమోదు పుస్తకం ఉంది. అట్ట ఊడిపోయింది. లోపల బొటనవేలి ముద్ర, వరసగా ఏడాదికొక రబ్బరు స్టాంపు. ముప్పయ్యేళ్ళు పనిచేసిన ఊళ్ళో ప్రతి ఏడూ రుసుం కట్టి, తాను పరాయివాణ్ణని ఒప్పుకుంటూ వేయించుకున్న స్టాంపులు. చివరి రెండు పేజీలు ఖాళీ. నాన్నమ్మ ఆ పుస్తకాన్ని పారేయనివ్వలేదు. ఎందుకని అడిగితే, "మనం ఉన్నామని ఎవడో ఒకడు రాశాడు కదరా" అనేది.

రోహింగ్యాల మీద ఇవాళ మయన్మార్‌లో వాడే తిట్టు కూడా కలాయే. ఈ ఒక్క మాట తెలిసిన రోజు నాకు వెన్ను జలదరించింది. అయితే పోలిక ఇక్కడితో ఆపాలి. మా తాత వలస పోయినవాడు. రోహింగ్యాలు వలస వచ్చినవాళ్ళు కాదు. 1982 చట్టం 1823కు ముందు నుంచి ఉన్న జాతులనే సొంతవాళ్ళని అంటుంది, అంటే ఇంగ్లీషువాళ్ళతో మొదటి యుద్ధానికి ముందు. ఫ్రాన్సిస్ బుకానన్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు 1799లోనే అరకాన్‌లో తమను రూయింగా అని చెప్పుకునే ముస్లింల గురించి రాశాడు. ఆ చట్టం పెట్టిన పరీక్షలో కూడా వాళ్ళు పాసే. 1960ల తొలినాళ్ళలో బర్మా రేడియోలో రోహింగ్యా భాషలో ప్రసారాలు వచ్చేవి. తర్వాత ఉన్న మనుషుల్ని లేరన్నారు. మా నాన్నమ్మకు ఎదురు ఓడ వచ్చింది, దిగడానికి రేవు ఉంది, పేరు అడిగి రాసుకున్న గుమస్తా ఉన్నాడు. వాళ్ళకు అవేవీ లేవు.

హైదరాబాద్ వచ్చాక తెలిసింది, వాళ్ళు నా ఇంటికి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉన్నారని. బాలాపూర్ వైపు అద్దె స్థలాల్లో, రేకులూ పరదాలూ కట్టుకుని కొన్ని వేల మంది ఉన్నారు. చిత్తు కాగితాలు ఏరేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు. చేతుల్లో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డు ఉంటుంది. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశమూ సంతకం చేయలేదు, బంగ్లాదేశూ చేయలేదు. 2021లో జమ్మూలో పట్టుకున్నవాళ్ళ విషయంలో, పద్ధతి ప్రకారం అయితే వెనక్కి పంపొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి ఆ కార్డుకు వాళ్ళ కళ్ళల్లో ఉన్న ధీమా తగ్గింది.

కిందటి ఏడు జూన్‌లో, బళ్ళు తెరిచే వారం, అక్కడికి వెళ్ళాను. ఒక రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్ళ అబ్బాయి పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నాడు. పేరు రాయను, రాయొద్దన్నాడు. ఏడేళ్ళప్పుడు వచ్చాడట. ఉర్దూ, హిందీ, ఇంట్లో రోహింగ్యా, ఇక్కడి సర్కారు బళ్ళో నేర్చిన తెలుగు. పొద్దున మండీలో బస్తాలు దింపుతాడు, మధ్యాహ్నం పాఠం చెబుతాడు, మధ్యలో ఎవరికి జ్వరమొచ్చినా ఆస్పత్రికి తోడు పోతాడు, ఎందుకంటే చీటీ చదవగలిగినవాడు అతనే. ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ నియమించలేదు. నేను కూర్చున్న గంటలో నలుగురు ఆడవాళ్ళు వచ్చి కాగితాలు చూపించి వెళ్ళారు.

అతని దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్ ఉంది. గీతలు గీసి, బస్తీలో పిల్లలందరి పేర్లు రాసుకున్నాడు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, బడిలో చేరారా లేదా. చేరనివాళ్ళ పక్కన ఎర్ర పెన్నుతో చుక్క. ఎర్ర చుక్కలు చాలా ఉన్నాయి. ఆధార్ లేదని ఒక బడివాళ్ళు అంతకుముందు రోజే ఒక పిల్లను తిప్పి పంపారట. రోహింగ్యా పిల్లలు సర్కారు బళ్ళలో చేరొచ్చని, ముందు బడికే దరఖాస్తు పెట్టుకోవాలని ఢిల్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి ఫోన్‌లో దాచుకున్నాడు. ఈసారి కాగితం మీద, తెలుగులో అర్జీ పెట్టి చూస్తానన్నాడు.

"అన్నా, శరణార్థిలో ణ ఏది, పెద్దదా చిన్నదా?" అని అడిగాడు. చెప్పాను. కొట్టేసి మళ్ళీ రాశాడు. అక్షరాలు గుండ్రంగా, నా రాత కంటే బాగున్నాయి.

కింద స్వస్థలం అని ఒక గడి ఉంది. అక్కడ పెన్ను ఆపాడు. బాలాపూర్ అని రాస్తే అబద్ధమంటారు, మయన్మార్ అని రాస్తే పొమ్మంటారు అన్నాడు. పక్కన నిలబడ్డ ఆ పిల్ల, ఎనిమిదేళ్ళుంటాయి, హైదరాబాద్‌లోనే పుట్టింది, రెండు జడలు, బల్ల అంచు పట్టుకుని మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. అతను వాళ్ళ భాషలో ఆమెను ఏదో అడిగాడు. ఆ పిల్ల తడుముకోకుండా ఒక పేరు చెప్పింది. వాళ్ళమ్మ పుట్టిన ఊరట. మాంగ్డా పక్కన.

ఆ పేరే రాసి, కింద తేదీ వేసి, కాగితం నా వైపు తిప్పాడు, తప్పులేమైనా ఉన్నాయేమో చూడమని.